ముందడుగు ఊడ్పులు

పొలం పనులు చేసే ఆడవాళ్ళు మన రాష్ట్రంలో ఉన్నారన్న సంగతి ఆ ఏడాది జ్యేష్ఠ మాసంలో ప్రభుత్వానికి తెలిసింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో ఇప్పటికీ బయటపడలేదు. తెలిసిన తరవాత మాత్రం ప్రభుత్వం ఊరుకోలేదు. వెంటనే ఒక పథకం పుట్టింది. దానికి 'తరతరాల ముందడుగు' అని పేరు పెట్టారు. పేరుకు తగిన రంగు కోసం ఉపసంఘం వేస్తే, అది బాగా ఆలోచించి వంకాయ రంగు దగ్గర ఆగింది. ఒకే ఇంట్లో తరం తరవాత తరం మట్టిలో బతికిన ఆడవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ పొలంలో వాళ్ళ చేతనే ఒకరోజు పని చేయించి, ఆ పనిని లోకానికి చూపించడం ఆ పథకం ఆశయం. రోజూ వాళ్ళు చేసేది అదే కదా అని అడిగే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోయింది.

అలా వెతగ్గా వెతగ్గా చివరపాలెంలో నాంచారమ్మ ఇల్లు దొరికింది.

చివరపాలెం కాలవకు ఆఖరి ఊరు. దాని తరవాత ఏమీ పండని ఉప్పు పర్ర, పర్ర దాటితే సముద్రం. పై ఊళ్ళన్నీ మడులు తడుపుకుని, చేపల చెరువులు నింపుకుని, బర్రెలను కడుక్కున్నాక మిగిలిన నీళ్ళు చివరపాలేనికి రావాలని రూలు. సాధారణంగా మిగలవు. అక్కడ నాంచారమ్మకు ఒక ఎకరం మడి ఉంది. నారు పీకి మడిలో నాటే పనిని ఆ ప్రాంతంలో ఊడ్పు అంటారు. నాంచారమ్మ అత్త ఆదెమ్మ ఆ మడిలో ఊడ్చి ఊడ్చి, వంచిన నడుము మళ్ళీ ఎత్తడం మానేసింది. ఇప్పుడు ఆమె నిలబడ్డా ఊడుస్తున్నట్టే ఉంటుంది. ఆదెమ్మ తరవాత నాంచారమ్మ, నాంచారమ్మ తరవాత కోడలు విజయదుర్గ, కాలేజీకి సెలవులిస్తే విజయదుర్గ కూతురు హారిక. అంతా కలిసి నాలుగు తరాలు. ఆ ఇంటి మగవాళ్ళు ఏం చేస్తారన్నది పథకం పరిధిలోకి రాదు కాబట్టి ఎవరూ అడగలేదు.

కబురు తెచ్చింది ప్రవల్లిక. ఊరికి కొత్తగా వచ్చిన వ్యవసాయ సహాయకురాలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మొహంలో పరీక్ష రాస్తున్న పిల్ల బెదురు పోలేదు.

"పిన్నిగారూ, జిల్లా మొత్తం మీద మీ ఇంటినే ఎంపిక చేశారు."

"దేనికమ్మాయ్?" అంది నాంచారమ్మ, నారుమడి గట్టు మీద నుంచి లేవకుండానే.

"నాలుగు తరాలు ఉన్నందుకు."

"ఉన్నందుకేగా. మళ్ళీ ఏవైనా చెయ్యాలా?"

"మీ మడిలో ఊడ్పు వెయ్యాలి. పెద్దలు చూడ్డానికి వస్తారు."

"మా మడి మేం ఊడ్చుకోటానికి పెద్దలెందుకే తల్లీ. కాలవలోకి నీళ్ళు రమ్మను చాలు."

ప్రవల్లిక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీళ్ళు కూడా వస్తున్నాయి పిన్నిగారూ. కార్యక్రమం కోసం పైన లాకు తలుపులు ఎత్తమని ఆర్డరు వేశారు."

అప్పుడు లేచింది నాంచారమ్మ. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఊడ్పుల వేళకు కాలవలో నీళ్ళు చూసింది లేదు. ఆ నారుమడిని కూడా మురుగు కాలవలో ఇంజను పెట్టి, తోడి తోడి పెంచింది. మర్నాడు పొద్దున్నే నిజంగానే నీళ్ళొచ్చాయి. గట్టు మీద గుంపులు గుంపులుగా జనం చేరారు. పక్క పొలం సాంబ్రాజ్యం నీళ్ళలో చెయ్యి పెట్టి, "నిజం నీళ్ళేనే" అని అందరికీ చెప్పింది. నాంచారమ్మ ట్రాక్టరు పిలిచి, తడిసిన మడిని దున్నించి దమ్ము చేయించింది. మడి పెరుగులా తయారైంది. నారు కూడా సరైన వయసులో ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని నారు పీకబోతుంటే ప్రవల్లిక పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఆగండి పిన్నిగారూ. పెద్దలు వచ్చేదాకా ఒక్క మొక్క కూడా నాటొద్దన్నారు. ముందు రిహార్సలు ఉంది."

రిహార్సలుకు చక్రపాణి గారు వచ్చారు. ఆయన పథకానికి జిల్లా ప్రత్యేకాధికారి. అంతకుముందు పర్యాటక శాఖలో పడవలు చూసేవారు. నీటి మీద అనుభవం ఉందని ఈ బాధ్యత అప్పగించారు. తెల్ల బూట్లతో గట్టు మీద నిలబడి, నలుగురినీ మడిలోకి దిగమన్నారు. మడి మూల కొంచెం మేర చేసి చూపించమన్నారు. నలుగురూ దిగారు, వంగారు, ఎడమ చేత్తో నారు కట్ట పట్టుకున్నారు, కుడి చేత్తో నాటడం మొదలుపెట్టారు. ఒక వరస అయ్యాక ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో వరస, ఇంకో అడుగు వెనక్కి.

"ఆపండి," అన్నారు చక్రపాణి గారు.

ఆపారు.

"ఎక్కడికి వెళ్తున్నారు మీరు?"

నాంచారమ్మకు అర్థం కాలేదు. "ఎక్కడికీ ఎల్లట్లా సారూ. ఊడుత్తన్నాం."

"వెనక్కి వెళ్తున్నారు. నేను కళ్ళారా చూశాను. పథకం పేరేమిటి?"

"ముందడుగు," అంది ప్రవల్లిక.

"మరి క్షేత్రస్థాయిలో జరుగుతున్నదేమిటి? వెనకడుగు. నాలుగు తరాల మహిళలు, సామూహికంగా, ఒకే వరసలో, ఉద్దేశపూర్వకంగా వెనకడుగు వేస్తున్నారు. రేపు పెద్దలు ఇక్కడ నిలబడి ఏం చూడాలి? మహిళా సాధికారత వెనక్కి రావడం చూడాలా?"

"ఊడ్పంటే అట్టాగే సారూ. మొక్క ముందు పెట్టి మనం ఎనక్కి రావాలి. ముందుకెళ్తే పెట్టిన మొక్కని తొక్కుకుంటా పోవాలి."

"ఇది పాతకాలపు ఆలోచన," అన్నారు చక్రపాణి గారు జాలిగా. "మీ తప్పు కాదు. మిమ్మల్ని ఇంతకాలం ఎవరో వెనక్కి నడిపించారు. ఎవరు నేర్పారు మీకిది?"

నాంచారమ్మ అత్త వైపు చూపించింది. ఆదెమ్మకు చెవులు కొంచెం మందం. తన గురించి మాట్లాడుతున్నారని మాత్రం అర్థమై, వంగిన నడుముతోనే తల పక్కకి తిప్పి ఆయన్ని చూసింది.

"ఈమె తలెత్తుకుని నిలబడాలి," అన్నారాయన. "మన నినాదంలో 'తలెత్తుకుని ముందడుగు' అని స్పష్టంగా ఉంది."

"ఆవిడ తలెత్తి చానా ఏళ్ళయింది సారూ," అంది విజయదుర్గ. "నడువు లేవదు. మీరొచ్చి లేపితే లేచిద్దేమో చూడండి."

చక్రపాణి గారు తన బూట్లను చూసుకుని, ఆ అంశాన్ని తరవాత పరిశీలిస్తామన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. పథకం కింద జరుగు సమస్త వ్యవసాయ పనుల యందు మహిళలు ముందుకు మాత్రమే సాగవలెననియు, వెనుకకు సాగుట గమనించినచో సదరు కుటుంబం ఎంపికను రద్దుచేసి, తత్సంబంధిత నీటి విడుదలను నిలిపివేయుదురనియు దాని సారాంశం. ప్రవల్లిక చదివి వినిపించింది. నాంచారమ్మకు మొదటి సగం అర్థం కాకపోయినా, చివర ఉన్న నీటి మాట అర్థమైంది.

మర్నాడు ముందుకు ఊడ్చి చూశారు. నాటడం, అడుగు వెయ్యడం, నాటింది కాలి కింద పడి బురదలోకి పోవడం. ఆ మేర చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే నలుగురి పాదాల గుర్తులు తప్ప పచ్చనిది ఏదీ లేదు.

"అడుగుల వరస మాత్రం బాగా వచ్చింది," అన్నారు చక్రపాణి గారు. "మొక్క విషయంలో కొంత శిక్షణ అవసరం."

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి ఇద్దరు నిపుణులు వచ్చారు. ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరికీ మెడలో వంకాయ రంగు తాడు, తాడుకు కార్డు. బడి వరండాలో తివాచీ పరిపించి, తివాచీ మీద పెన్సిళ్ళు పెట్టుకుంటూ ముందుకు ఎలా సాగాలో చూపించారు. పాదాలను ఎడంగా పెట్టి కప్పలా నడిస్తే పెన్సిలు తొక్కకుండా వెళ్ళొచ్చని తేల్చారు. తివాచీ మీద చాలా బాగా వచ్చింది. ఆదెమ్మ చుట్ట కాల్చుకుంటూ అంతా చూసి, కోడల్ని పిలిచి, "పాపం, వీళ్ళకి కాళ్ళ మజ్జన ఏవయిందే?" అని అడిగింది.

బురదలో కప్ప నడక కుదరలేదు. దిగబడిన కాలు ఎడంగా లేవదు. అప్పుడు చెక్క పలకలు తెప్పించారు. పలక మీద నిలబడి నాటి, పలకను ముందుకు జరుపుకోవాలి. పలక జరిగినప్పుడల్లా దాని కింద నాటిన వరస అంతా చదునైంది. దాంతో చక్రపాణి గారు ఇంకో మార్గం సూచించారు. మహిళల వెనక ఉన్న గట్టునే 'ముందు' అని ప్రకటిస్తే సరిపోతుంది, వాళ్ళు ఎప్పటిలాగే నాటుకోవచ్చు. ఆ గట్టు మీద 'ముందు' అని బోర్డు కూడా పాతించారు. కానీ పెద్దలు ఆ గట్టు మీద కూర్చుంటే నలుగురు మహిళలు వంగి, వీపులు చూపిస్తూ తమ మీదికి రావడం కనిపిస్తుందని ఎవరో ఊహించి చెప్పగానే బోర్డు పీకేశారు.

ఇలా ఒక్కొక్కటీ పరిశీలిస్తుండగా నారు ముదురుతోంది.

నాంచారమ్మకు అన్నం సయించడం మానేసింది. పొద్దున లేవగానే నారుమడి దగ్గరికి పోయి ఆకు చివర తుంచి చూసేది. లేత ఆకు అయితే వేళ్ళ మధ్య చల్లగా నలుగుతుంది. ఇప్పుడు గరుకుగా తగులుతోంది. ముదిరిన నారు నాటినా పిలకలు వెయ్యదు. దమ్ము చేసిన మడి కూడా రోజు గడిచేకొద్దీ పేరుకుని గట్టిపడుతోంది. గట్టు పక్కన కాలవ నిండుగా పారుతుంటే, మడి అలా ఖాళీగా ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు. నీళ్ళు లేక ఎండిన ఏళ్ళు చాలా ఉన్నాయి. వాటికి ఏడవడం తెలుసు. నీళ్ళుండి ఎండిపోతే ఎలా ఏడవాలో ఎవరూ నేర్పలేదు.

"అమ్మాయ్, రేపు తెల్లారేతలికి మేం ఊడ్చేత్తాం," అంది ప్రవల్లికతో. "మీ పెద్దలకి తరవాత ఏదో ఒకటి చూపించుకోండి."

ప్రవల్లిక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "లాకు దగ్గర కాపలాకి లస్కరును కూర్చోబెట్టారు పిన్నిగారూ. ఒక్క అడుగు వెనక్కి పడినా దించెయ్యమని చెప్పారు. నాటాక నీళ్ళు ఆగిపోతే ఉన్నది కూడా పోతుంది."

"మరి ఏం చెయ్యమంటావే? నారుని అక్కడే కుప్పేసి తగలబెట్టమంటావా?"

అంతవరకూ గుమ్మంలో కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకుంటున్న హారిక అప్పుడు నోరు తెరిచింది. నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గుపడే పిల్ల. అందుకని ఎవరివైపూ చూడకుండా, గోళ్ళతోనే చెప్పినట్టు చెప్పింది.

"వీడియో తీసి తిప్పి వేస్తే ముందుకు నడిచినట్టు ఉంటది."

"ఏం తిప్పి?" అంది నాంచారమ్మ.

"మనం ఎప్పట్లా వెనక్కి వస్తా ఊడ్చేద్దాం. స్టూడియో బాజీ గారు వీడియో తీస్తారు. దాన్ని చివర నుంచి మొదటికి తిప్పి వేస్తే అందరం ముందుకు పోతన్నట్టు కనపడతాం. పెద్దలు ఇక్కడికి రాకుండా అక్కడే కూర్చుని చూసుకుంటారు."

ప్రవల్లిక ఆ మాటను చక్రపాణి గారికి చేరవేసింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. అదే రోజు సంతకం పడింది. 'సాంకేతిక పరిజ్ఞానంతో దిశ మార్పు' అని దానికి పేరు పెట్టారు. ఈ ఆలోచన తనకు ఎప్పటి నుంచో ఉందని, అనువైన కుటుంబం కోసం ఎదురుచూస్తున్నానని ఆయన పై అధికారులకు తెలియజేశారు.

వీడియో తీసే రోజు నాలుగు వంకాయ రంగు చీరలు వచ్చాయి. నాంచారమ్మ కట్టుకుంది. ఏ రంగు చీర అయినా బురదలో ఒకటే రంగుకు వస్తుందని ఆమెకు తెలుసు. బాజీ గట్టు మీద మూడు కాళ్ళ కెమెరా నిలబెట్టి, "నన్ను చూడకండమ్మా, మీ పని మీరు చేసుకోండి" అన్నాడు. ఆ పథకం మొదలైన దగ్గర్నుంచి వాళ్ళతో ఆ మాట అన్నవాడు అతనొక్కడే.

సాంబ్రాజ్యం మరో పది మందిని వెంటబెట్టుకు వచ్చి, కెమెరాకు కనిపించకుండా అవతలి నారుమడిలోంచి నారు పీకి, గట్టు మీద నుంచి కట్టలు విసిరింది. ఇవతల నలుగురూ వంగారు. చాలా రోజుల తరవాత నాంచారమ్మ వేళ్ళు మెత్తటి బురదలోకి దిగాయి. ఆదెమ్మ అందరికంటే ముందే వెనక్కి వెళ్ళిపోతోంది. "ఏవే, కొత్త పెళ్ళికూతుళ్ళలాగా కులుకుతా పెడతన్నారు, రండే," అని మిగిలిన ముగ్గురినీ తిట్టింది. చుట్ట తీసి గట్టు మీదికి ఉమ్మింది. మళ్ళీ పెట్టుకుంది. ఊడ్పు పాట కూడా ఎత్తుకుంది. పొద్దు వాలేసరికి ఎకరమంతా పచ్చగా నిలబడింది. నారు ముదిరింది నిజమే, కానీ నేలలో పడింది. ఆ పూట నాంచారమ్మ కడుపునిండా తింది.

వీడియోను చక్రపాణి గారు స్వయంగా పరిశీలించి ఆమోదించారు. పరిశీలించాల్సింది దిశ కాబట్టి మొదటి నుంచి చివరి వరకూ కాళ్ళు మాత్రమే చూశారు. ప్రతి అడుగూ ముందుకే పడింది. ఒక్క లోపం కూడా లేదు.

జిల్లా కేంద్రంలో చల్లటి హాల్లో సభ పెట్టారు. నాంచారమ్మ కుటుంబాన్ని కారులో తీసుకెళ్ళి మొదటి వరసలో కూర్చోబెట్టారు. పెద్దలు వేదిక మీద కూర్చున్నారు. చక్రపాణి గారు చాలాసేపు మాట్లాడాక దీపాలు ఆర్పి తెర మీద వీడియో వేశారు.

తెర మీద ఎకరం మడి పచ్చగా, నిండుగా కనిపించింది. అవతలి గట్టు దగ్గర నలుగురు ఆడవాళ్ళు వంగి ఉన్నారు. వాళ్ళు ముందుకు బయల్దేరారు. హాలంతా చప్పట్లు. నలుగురూ అడుగు ముందుకు వేస్తూ, దారిలో ఉన్న పచ్చటి మొక్కనల్లా కుడి చేత్తో పుటుక్కున పీకి ఎడమ చేతిలో పెట్టుకుంటున్నారు. బురద చుక్కలు ఎగిరి వచ్చి వాళ్ళ చేతుల కింద మాయమవుతున్నాయి. ఎడమ చేతిలో నిండిన కట్టలు వాటంతట అవే గాల్లోకి లేచి గట్టు మీదికి పోతున్నాయి. వాళ్ళు నడిచిన మేరా మడి నున్నగా, నల్లగా, ఖాళీగా మారిపోతోంది. ఒక చోట గట్టు మీద నుంచి ఉమ్ము లేచి, వంపు తిరిగి, సరిగ్గా వచ్చి ఆదెమ్మ నోట్లో పడింది. ఆదెమ్మ తృప్తిగా చుట్ట నోట్లో పెట్టుకుంది. వెనక వరసల్లో ఎవరో కుర్చీలోంచి జారారు.

నాంచారమ్మ మనవరాలి మోచెయ్యి పట్టుకుంది. "ఏంటే ఇది? మన పైరంతా మనవే పీకేసుకుంటన్నాం."

"తిప్పి వేస్తే అంతే నాయనమ్మా."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"కాళ్ళ సంగతే అడిగారు," అంది హారిక నెమ్మదిగా. "చేతుల సంగతి ఎవరూ అడగలేదు."

వీడియో అయిపోయేసరికి తెర మీద ఒక్క గడ్డిపోచ కూడా మిగల్లేదు. దీపాలు వెలిగాయి. పెద్దలు కొంచెం ముందుకు వంగి, "వీళ్ళు చేస్తున్న పని ఏమిటి?" అని అడిగారు.

 చక్రపాణి గారి నుదుటి మీద చెమట ఏసీ గాలికి మెరిసింది. కానీ ఆయన అనుభవజ్ఞుడు.

"కలుపు తీత సార్," అన్నారు.

"ఎకరమంతా కలుపేనా?"

"శివారు భూముల్లో సమస్య తీవ్రంగా ఉంది సార్. మన మహిళలు ఒక్క మొక్క కూడా మిగల్చకుండా, ముందడుగు వేస్తూ, సమూలంగా నిర్మూలించారు."

పెద్దలు చాలా సంతోషించారు. నలుగురికీ శాలువాలు కప్పారు. ఆదెమ్మ తల ఎత్తలేదు కాబట్టి ఆమె శాలువా వీపు మీద టేబుల్ గుడ్డలా పరిచారు. చక్రపాణి గారికి శాలువాతో పాటు జ్ఞాపిక కూడా ఇచ్చారు. సభలో చెప్పిన ప్రతి మాటా అధికారికంగా నమోదయింది.

మూడో రోజు లాకు దించేశారు.

నాంచారమ్మ లస్కరును అడిగితే ప్రవల్లికను అడగమన్నాడు. ప్రవల్లిక తల వంచుకుని, పై నుంచి వచ్చిన కాగితం చదివి వినిపించింది. చివరపాలెంలోని సదరు ఎకరంలో కలుపు తప్ప పైరు లేదని, ఆ కలుపు కూడా తీసివేయబడినదని సభాముఖంగా నిర్ధారణ అయింది. ఖాళీ మడికి నీరివ్వడం వృథా కిందికి వస్తుంది. నాంచారమ్మ మడిలో అప్పుడే నారు వేరు తన్నుకుని, తల ఎత్తడం మొదలుపెట్టింది. ఆ వేళకు నీళ్ళు తీసేస్తే పైకి వచ్చిందంతా నిలబడ్డ చోటే కాలిపోతుంది. ఆమె ఇంకెవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి చక్రపాణి గారి కార్యాలయానికి పోయింది. ఆయన గది ముందు నేల మీద కూర్చుంది. లేవమన్నా లేవలేదు. లోపలికీ బయటికీ తిరిగే వాళ్ళంతా ఆమెను దాటుకుంటూ తిరిగారు. చివరికి ఆయనే విసిగి, క్షేత్ర సందర్శనకు బయల్దేరారు.

గట్టు మీద నిలబడి చూశారు. ఎకరమంతా పచ్చటి వరసలు. గాలికి కదులుతున్నాయి.

"ఇదేనా?" అన్నారు.

"ఇదే సారూ. మా పైరు."

"పైరు కాదమ్మా ఇది. ఇక్కడ పైరు లేదు. రాష్ట్రం అంతా చూసింది."

"మరిదేంటి?"

చక్రపాణి గారు గట్టు అంచున వంగి, ఒక మొక్కను పరీక్షగా చూశారు. "తీసివేసిన కలుపు మళ్ళీ మొలిచింది."

"వరసలు కట్టి మొలిచిందా సారూ?"

"మీ చేతి చలవ. క్రమశిక్షణ గల మహిళలు తిరిగిన నేల కాబట్టి కలుపు కూడా క్రమశిక్షణతో మొలిచింది."

నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది. నవ్వుతాడేమోనని చూసింది. ఆయన నవ్వలేదు. ఆయన మొహంలో ఉన్నది భయమని అప్పుడు ఆమెకు తట్టింది. ఇది వరి అని ఒప్పుకుంటే, ఎవరో నాటినట్టు. నాటారంటే, వెనక్కి నడిచినట్టు. అప్పుడు పెద్దలు చూసింది వెనకడుగు అవుతుంది. జ్ఞాపిక వెనక్కి పోతుంది. దాని వెంటే ఉద్యోగం కూడా పోవచ్చు. ఆయన ఈ మడిని ఈ జన్మలో వరి అనలేడు.

"సరే సారూ," అంది. "ఈ కలుపుకి నీళ్ళు ఎట్టా ఇప్పిత్తారో చెప్పండి."

ఆయన మొహం విచ్చుకుంది. "అలా అడగండి. కలుపు మీద పరిశోధనకు నిబంధన ఉంది. సమూలంగా తీసినా మళ్ళీ మొలిచే అరుదైన కలుపు అని దీన్ని పరిశీలనా క్షేత్రంగా ప్రకటిస్తే, కోత వరకూ... అంటే, పరిశీలన పూర్తయ్యే వరకూ నీరు వదలొచ్చు. అయితే ఇది కలుపేనని యజమాని నోటితో, సాక్షుల ముందు చెప్పాలి."

సాక్షులు అక్కడే ఉన్నారు. ప్రవల్లిక ఉంది, లస్కరు ఉన్నాడు, సాంబ్రాజ్యం ఉంది. ఆదెమ్మ గట్టు మీద కూర్చుని, మొదటి వరసలో పక్కకు వాలిన ఒక మొక్కను వేళ్ళతో సర్దుతోంది. చెవులు మందమని అందరూ అనుకుంటారు కానీ, కొన్ని మాటలు ఆమెకు బాగానే వినిపిస్తాయి.

"ఏవంటన్నాడే ఆ అయ్య?"

"ఏవీ లేదత్తా."

"మన మడిని ఏదో అంటన్నాడు."

 పొలంలో ఎవరైనా ఎదుటివాడి పైరును కలుపు అంటే కొడవళ్ళు లేచే ఊరది. అత్త చెయ్యి ఇంకా ఆ మొక్క మీదే ఉంది. నాంచారమ్మ అత్తకు వీపు పెట్టి, కాలవ వైపు తిరిగి చెప్పింది.

"కలుపు."

"కొంచెం గట్టిగా," అన్నారు చక్రపాణి గారు.

"ఈ ఎకరం మడిలో ఉందంతా కలుపు," అంది నాంచారమ్మ.

ఆదెమ్మ ఆ రోజు కోడలి చేతి అన్నం ముట్టలేదు, అంతే. సాయంత్రానికి లాకు ఎత్తారు.

ఆ తరవాత చివరపాలెంలో కలుపుకు గొప్ప గౌరవం వచ్చింది. నాంచారమ్మ కలుపు నీళ్ళలో నిలబడి పచ్చగా ఊగుతుంటే, ఆ నీళ్ళు ముట్టుకునే ఆర్డరు లేక చుట్టుపక్కల వరి మడులు నెర్రెలు విచ్చాయి. మొదట సాంబ్రాజ్యం వచ్చి, "సారూ, నాదీ కలుపే" అంది. ఆమె వెనక వరసగా శివారు రైతులంతా వచ్చారు. ముప్పై ఏళ్ళుగా వరి పండిస్తున్నామని గొప్పలు పోయిన పెద్ద రైతులు కూడా చేతులు కట్టుకుని నిలబడి, తమ తాతల నాటి నుంచీ తాము పెంచేది కలుపేనని విన్నవించుకున్నారు. వరికి నీళ్ళివ్వడానికి నిబంధనలు అడ్డొచ్చేవి కానీ, కలుపుకు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. చివరపాలెం పుట్టాక మొదటిసారి కాలవ చివరి మడి దాకా నిండుగా పారింది. జిల్లాలో కలుపు విస్తీర్ణం ఒక్క నెలలో అంతగా పెరగడం మీద పైన ఆందోళన వ్యక్తమైంది. దాన్ని అధ్యయనం చేసే బాధ్యతను అనుభవం ఉందని చక్రపాణి గారికే అప్పగించారు, హోదా పెంచి.

ముదిరిన నారు కాబట్టి పిలకలు పలచగానే వేసింది. అయినా కంకులు వంగాయి. నలుగురూ కోశారు. కోత కోసేటప్పుడు ముందుకే నడవాలి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరూ వీడియో తీయడానికి కూడా రాలేదు.

కల్లంలో ధాన్యం తూర్పారబట్టి బస్తాలకెత్తి, కొనుగోలు కేంద్రానికి పట్టుకెళ్తే అక్కడి ఉద్యోగి బస్తాలో చెయ్యి పెట్టి, గింజ కొరికి చూసి, బాగుందన్నాడు. ఊరి పేరు అడిగాడు. కంప్యూటరు తెర మీద చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇది కలుపని ఉందమ్మా. కలుపు కొనడానికి మాకు ఆర్డర్లు లేవు."

"కొరికి చూశావుగా నాయనా. ఏం తగిలింది?"

"వడ్లే తగిలాయి," అన్నాడతను నిజాయితీగా. "కానీ నా నోటికి అధికారం లేదు."

బస్తాలు ఇంటికి తిరిగొచ్చాయి. కొనేవాళ్ళు లేరు కాబట్టి వాటిని తినడం ఒక్కటే మిగిలింది. నాంచారమ్మ ఒక బస్తా మర పట్టించింది. కొత్త బియ్యం ఉడుకుతుంటే ఆ వాసన వీధి చివరి దాకా వెళ్ళింది. నలుగురూ కూర్చున్నారు. అన్నం కొంచెం ముద్దయింది, కొత్తది కదా. మడి దగ్గర ఆ మాట అన్న దగ్గర్నుంచి ఆదెమ్మ కోడలితో ముక్తసరిగానే ఉంటోంది. ఇప్పుడు కంచంలోకి వంగి, ముందు వాసన చూసింది. తరవాత రెండు మెతుకులు వేళ్ళతో నలిపి చూసింది. బురదలో నాని పగిలిన ఆమె వేళ్ళకు వేడన్నం సెగ ఆగదు, తనంతట తాను ముద్ద చేసుకోలేదు. కంచాన్ని కోడలి వైపు నెట్టింది.

"ఏంటత్తా?" అంది నాంచారమ్మ భయంగా.

"కలుపు," అంది ఆదెమ్మ.

 విజయదుర్గ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఏంటే అట్టా చూత్తారు," అని విసుక్కుంది ముసలామె. "పప్పు పోసి, నెయ్యేసి కలుపు."

నాంచారమ్మ కలిపింది. మొదటి ముద్ద అత్త నోటికి అందించింది.